సముద్రపుటొడ్డున ఒక శుక్రవారం

మా పెళ్ళయిన పదమూడవ ఏట, 2013 నవంబరులో, నేను మొదటిసారి కువైట్ వెళ్ళాను. మా వారు అప్పటికి పదిహేనేళ్ళుగా అక్కడే ఉంటున్నారు.

మా రాయచోటి ప్రాంతంలో ఇది వింత కాదు. మా వీధిలో కువైట్‌తోనో, సౌదీతోనో, ఖతర్‌తోనో సంబంధం లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. సంబంధాలు చూసేటప్పుడు ‘అబ్బాయి కువైట్‌లో ఉన్నాడు’ అనేది ఒక అర్హత. మా అబ్బాజాన్ కూడా ఆ మాట విన్నాకే సరేనన్నారు. నిఖా అయిన డెబ్బైయవ రోజున ఆయన విమానమెక్కారు. ఆ తర్వాత రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవు. ఆడపడుచులిద్దరి పెళ్ళిళ్ళు, మామగారి వైద్యం, ఇంటి కప్పు, అన్నీ ఆ డబ్బుతోనే జరిగాయి. ఆ మేలును నేనెన్నడూ మరువలేను.

ప్రయాణానికి ముందు రాత్రి నిద్రపట్టక వేళ్ళమీద లెక్కవేశాను. పదమూడేళ్ళలో మేమిద్దరం ఒకే కప్పు కింద ఉన్నది పద్నాలుగు నెలలు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. వాడు తండ్రితో గడిపినది పన్నెండు నెలలు. ఏడాదికొక నెల చొప్పున!

ఆ ఏడు ఆయన జీతం కాస్త పెరగడంతో నెల రోజులకు మమ్మల్ని విజిట్ వీసాపై పిలిపించుకోగలిగారు. ఖైతాన్‌లో ఒక కేరళ కుటుంబంవారి ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకున్నారు. బడిలో సెలవు అడిగి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని చెన్నై మీదుగా వెళ్ళాను. నా మనసులో ఒక మాట ఉంది. జనవరిలో ఆయన మరో రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం చేయవలసి ఉంది. చేయవద్దని అడగాలని నా ఉద్దేశం. ఇంటి అప్పు ఇంకా తీరలేదు. కాబట్టి అడగడానికి ధైర్యం చాలలేదు. మూడు శుక్రవారాలు అలాగే గడిచిపోయాయి. నాలుగవ శుక్రవారం మధ్యాహ్నం ఆయన మమ్మల్ని సూఖ్ షర్ఖ్‌కు తీసుకువెళ్ళారు.

సూఖ్ షర్ఖ్ అంటే అరేబియన్ గల్ఫ్ వీధిలో, సముద్రాన్ని ఆనుకుని కట్టిన షాపింగ్ మాల్. 1998లో తెరిచారు. బయటినుంచి చూస్తే ఇసుకరంగు గోడలు, వాటిపై చతురస్రాకారపు గోపురాలు. కరెంటు లేని రోజుల్లో పై గాలిని పట్టి గదుల్లోకి దింపడానికి గల్ఫ్ తీరపు ఇళ్ళమీద అటువంటి గాలిగోపురాలు ఉండేవట. ఇప్పుడు లోపల చల్లదనం యంత్రాలదే, గోపురాలు అలంకారానికి మిగిలాయి. తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే ఊద్ ధూపపు సువాసన ఎదురైంది. నల్లని అబాయాలలో స్త్రీలు, తెల్లని దిష్‌దాషాలలో పురుషులు, తోపుడుబండ్లలో పసిపిల్లలు. ఎవరికీ తొందర లేదు.

నడుమ ఒక పెద్ద నీటి గడియారం ఉంది. గాజు గోళాలలో రంగునీరు నిండుతూ గంటలను, నిమిషాలను చూపుతుంది. నిండవలసినది నిండగానే ఒక్కసారిగా ఖాళీ అయి, మళ్ళీ మొదటినుంచి నిండసాగుతుంది. మావాడు దాని ముందు పది నిమిషాలు నిలబడిపోయాడు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని వాడి ముఖంలో కనిపిస్తూనే ఉంది. తండ్రి పక్కనే ఉన్నారు. వాడు ఆయనను అడగలేదు. నా కొంగు లాగి, “అమ్మీ, ఇది ఎలా తిరుగుతుందో అబ్బాను అడుగు” అన్నాడు చిన్నగా.

ఆ నెలంతా ఇదే వరస. వాడికి ఐస్‌క్రీం కావాలన్నా, తలనొప్పిగా ఉన్నా, దీపం ఆర్పమనాలన్నా నా ద్వారానే కబురు. నాతో ‘నువ్వు’ అంటాడు. తండ్రితో ‘మీరు’ అంటాడు. బంధువులు చూసి, పిల్లవాణ్ణి ఎంత మర్యాదగా పెంచావమ్మా అని నన్ను మెచ్చుకుంటారు. అది మర్యాద కాదని, కొత్త అని నాకు తెలుసు. ఫోనులో వారానికి రెండుసార్లు మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో వాడికి తెలియదు. ఆయనకూ తెలియదు. ‘బాగా చదువుతున్నావా, నమాజు చేస్తున్నావా, అమ్మ మాట వింటున్నావా’ అనే మూడు ప్రశ్నలు ఫోనులో సరిపోతాయి. ఒకే గదిలో ముప్పై రోజులకు సరిపోవు.

పై అంతస్తులో ఒక బూట్ల దుకాణానికి ఆయన ముందుగా నడిచారు. పిల్లవాడికి మంచి బూట్లు కొనాలని ఎన్ని రోజులుగానో అనుకుంటున్నారు. నీలిరంగు జత ఒకటి చూపించి, దుకాణంలోని కుర్రవాడితో “ముప్పై ఐదు” అన్నారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. క్రితం ఏడు సెలవులో ఊళ్ళో కొన్నప్పటి నంబరు అది. దాన్ని మరిచిపోకుండా ఏడాదిపాటు మనసులో దాచుకున్నారన్నమాట. మావాడు తొడుక్కున్నాడు. లేచి నాలుగడుగులు వేశాడు.

“సరిపోయాయా?” అని ఆయన అడిగారు.

“సరిపోయాయి” అన్నాడు.

ధర పన్నెండు దీనార్లు. అప్పట్లో దీనారు విలువ సుమారు 220 రూపాయలు. వాడు మనసులో గుణించుకుని నా చెవిలో “రెండువేల ఆరువందల నలభై” అన్నాడు. పాత చెప్పులు సంచిలో పెట్టి, కొత్త బూట్లతోనే బయలుదేరాడు.

అస్ర్ వేళయింది. నవంబరులో అక్కడ రెండున్నర దాటగానే అస్ర్ అవుతుంది, అయిదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. నమాజు ముగించుకుని, వెనుకవైపు తలుపులగుండా సముద్రం వైపు వచ్చాము. అక్కడ గాలి వేరు. ఎడాపెడా తెల్లని విహారనౌకలు కట్టివేసి ఉన్నాయి. తీరం వెంట దూరంగా, ఒంపు తిరిగిన చోట, కువైట్ టవర్ల నీలి గోళాలు కనబడుతున్నాయి. మాల్‌ను ఆనుకునే చేపల బజారు, దాని వెనుక చేపలుపట్టే కొయ్య పడవల రేవు. మాల్ నుంచి రేవుకు నడిచేసరికి అత్తరు వాసన పోయి చేపల వాసన వచ్చింది. వెండిలా మెరిసే చందువ చేపలను అక్కడివారు ‘జుబైదీ’ అంటారు. అది కువైటీలకు ఎంతో ఇష్టమైన చేప అని మా వారు చెప్పారు.

ఆ రోజు రేవులో ఒక అతిథి ఉంది. పొరుగు గల్ఫ్ దేశం నుంచి సందర్శనకు వచ్చిన పెద్ద కొయ్య ఓడ. రెండు కొనలూ మొనదేలి ఉండే ఆ రకాన్ని ‘బూమ్’ అంటారు. వంపు తిరిగిన పొట్ట, ముందుకు వాలిన ఎత్తైన కొయ్యస్తంభం, దానికి ఏటవాలుగా కట్టిన పొడవాటి దూలం, ఆ దూలానికి చుట్టిన త్రికోణపు తెరచాప. పక్కనున్న విహారనౌకలన్నీ దాని ముందు ఆటబొమ్మల్లా కనిపించాయి. జనం వరుసలో నిలబడి నిచ్చెన మీదుగా ఎక్కి చూసి వస్తున్నారు. టికెట్టు లేదు. మేమూ నిలబడ్డాము.

పైకెక్కాక మొదట తగిలింది వాసన. పలకలు ఎండకు పగలకుండా, నీరు తాగకుండా పూర్వం సొరచేప నూనె పూసేవారట. ఓడంతా ఒకే తెరిచిన అరుగులా ఉంది. నావికులకు విడి గదులంటూ లేవు. సరుకు మీదో, పలకల మీదో పడుకునేవారు. వంటకు ఒక మూల ఇసుక పరిచిన కొయ్యపెట్టె. దాంట్లోనే మంట, దాని మీదే అన్నం. నమాజూ ఆ అరుగు మీదే. ఓడ మళ్ళినప్పుడల్లా ఖిబ్లా దిశను చూసుకుని వరుస కట్టేవారు.

చుక్కాని దగ్గర ఒక పెద్దాయన చిన్న పీట మీద కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. ఓడతో వచ్చినవారు కాదు, కువైట్ వారే. ఇటువంటి ఓడ ఏది వచ్చినా వచ్చి కూర్చుంటారట. మేము మాట్లాడుకోవడం విని, “హింద్ నుంచా?” అని అడిగారు. ఆపైన ఆయన మాట్లాడినది బొంబాయి యాసలో హిందుస్తానీ. నేను ఆశ్చర్యపోయాను. మా ఇంటి దక్కనీకీ దానికీ పెద్ద దూరం లేదు.

“మా నాన్న ఇలాంటి ఓడలో మీ కాలికట్‌కు వెళ్ళేవాడు” అన్నారాయన. “ఆ ఊరు నేను చూడలేదు. కానీ చిన్నప్పుడు కువైట్ వీధుల పేర్లకన్నా ముందు నాకు కాలికట్ పేరు తెలుసు.”

మావాడు నా వెనుక నుంచి కాస్త ముందుకు వచ్చాడు.

ఆ పెద్దాయన చెప్పినది నేను ఇంటికి వచ్చాక ఎన్నోసార్లు తలచుకున్నాను. చమురు దొరకకముందు కువైట్‌కు ఉన్న ఆధారం సముద్రమే. వేసవి నాలుగు నెలలు మగవారు ముత్యాల వేటకు పోయేవారు. శరదృతువు రాగానే పెద్ద ఓడలు బస్రా వైపు వెళ్ళి ఖర్జూరాలు నింపుకుని, గాలి వాలు చూసుకుని కరాచీకి, బొంబాయికి, మలబారు తీరానికి, మరికొన్ని ఆఫ్రికాలోని జంజిబారుకు సాగేవి. మలబారు నుంచి టేకు దూలాలు తెచ్చేవారు. ఆ టేకుతోనే ఇక్కడ ఓడలు కట్టేవారు. తాగే నీరు కూడా ఈ గడ్డమీద చాలక షత్తుల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకున్న కాలం అది. ఓడ మళ్ళీ ఇంటిముఖం పట్టేది వసంతకాలంలో. వచ్చిన కొద్ది రోజులకే మళ్ళీ ముత్యాల వేట.

“ఊరికే పోయేవారు కాదు, అప్పుతో పోయేవారు” అన్నారు పెద్దాయన. ఓడ బయలుదేరే ముందు నొఖదా, అంటే ఓడ అధిపతి, నావికుడికి కొంత ముందుసొమ్ము ఇస్తాడు. అది భార్యాపిల్లలు ఆ నెలలు గడపడానికి. తిరిగి వచ్చాక లాభంలో వాటా పంచి, ఆ సొమ్ము మినహాయిస్తారు. చాలామందికి మినహాయింపు పోగా మిగిలేది ఉండదు. పాత అప్పు తీరకుండానే కొత్త అప్పు. అది తీర్చడానికి మళ్ళీ ఓడ. కొన్నిసార్లు తండ్రి పోతే ఆ అప్పు కొడుకు మీదకు వచ్చేది.

మా వారు తలవంచుకుని వింటున్నారు. ఏజెంటుకు ఇచ్చిన మొదటి డబ్బు మేము ఎలా తెచ్చామో ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

“అప్పుడు ఇక్కడ నడిచినది మీ రూపాయే” అని పెద్దాయన మావాడి వైపు చూసి నవ్వారు. “నేను నీ వయసులో రూపాయి తీసుకుని బజారుకు పోయేవాణ్ణి బేటా.” వాడు నమ్మలేనట్టు తండ్రి వంక చూశాడు. మా వారు లెక్కల మనిషి. ఆయన అందుకున్నారు: “నిజమే. 1961లో గాని ఇక్కడ దీనారు రాలేదు. అది వచ్చినప్పుడు పదమూడు రూపాయల చిల్లరకు ఒక దీనారు చొప్పున మార్చారు.” ఆ నెలలో వాడు తండ్రి మాటను అంత శ్రద్ధగా వినడం అదే మొదటిసారి.

“మరి ఇంట్లో ఆడవాళ్ళు?” అని నేను అడిగాను. అడగాలని అనుకోలేదు, నోటివెంట వచ్చేసింది.

ఆయన కాసేపు సముద్రం వైపు చూశారు. ముత్యాల ఓడలు రావలసిన రోజులు దగ్గరపడితే స్త్రీలు గుంపుగా ఒడ్డుకు వచ్చేవారట. మండే ఖర్జూరపు మట్టను నీటిలో ముంచి, ఇక చాలు, పశ్చాత్తాపపడి మా మగవారిని మాకు ఇచ్చెయ్యమని సముద్రాన్ని ఉద్దేశించి పాడేవారట. “అది సరైన ఆచారం కాదు, మా అమ్మకూ తెలుసు. అడగవలసింది అల్లాహ్‌ను కదా! నమాజులో అడిగేది కూడా. అయినా ఒడ్డుకు పోయేది” అన్నారు. ఆ స్త్రీలను నేను తప్పుపట్టలేకపోయాను. నేను మాత్రం ఫోను మోగని రాత్రులలో ఏమేమి అనుకోలేదు గనక!

తర్వాత ఆయన నవ్వుతూ ఒక మాట చెప్పారు. “మా నాన్న ఓడ దిగి ఇంటికి వచ్చినప్పుడు నేను అమ్మ వెనుక దాక్కునేవాణ్ణి. ‘ఈయన ఎన్నాళ్ళుంటారు?’ అని అడిగేవాణ్ణట. పెద్దయ్యేదాకా ఇంట్లో అందరూ అది చెప్పి నవ్వేవారు. నాన్న మాత్రం నవ్వేవాడు కాదు.”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు. మావాడికి మూడున్నరేళ్ళప్పుడు, ఆయన రెండవ సెలవులో, సరిగ్గా ఆ మాటే జరిగింది. రాత్రి తన పక్కన ఎవరో పడుకున్నారని వాడు ఏడ్చి, “ఈ మామ ఎప్పుడు పోతాడు?” అని అడిగాడు. ఆయన నిద్రపోతున్నారనుకున్నాను. ఆ రోజు ఓడ మీద ఆయన ముఖం చూశాక తెలిసింది, ఆ రాత్రి ఆయన నిద్రపోలేదని. తొమ్మిదేళ్ళుగా ఇద్దరం ఆ మాటను ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాము.

పెద్దాయనకు సలాం చెప్పి కదిలాము. నిచ్చెన దగ్గరికి వస్తుంటే మావాడు కుంటుతున్నాడు. ఓడ దిగి ఒడ్డున రాతి అరుగు మీద కూర్చోగానే మా వారు వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని బూటు విప్పారు. మడమ దగ్గర చర్మం లేచిపోయి, మేజోడుకు నెత్తురు అంటుకుని ఉంది. బొటనవేలు ఎర్రగా కంది ఉంది.

“ఇంత నొప్పిగా ఉంటే ఎందుకు చెప్పలేదురా?”

వాడు నా వైపు చూశాడు. నా ద్వారా జవాబు చెప్పించాలని చూస్తున్నాడని అర్థమైంది. నేను కావాలనే సముద్రం వైపు తిరిగాను. చాలాసేపటికి వాడి గొంతు వినిపించింది.

“మీరు నంబరు గుర్తుపెట్టుకుని కొన్నారు కదా అబ్బా. సరిపోలేదంటే మీరు బాధపడతారనుకున్నా.”

ఆయన ఏమీ అనలేదు. జేబులోంచి చేతిరుమాలు తీసి, సీసాలోని నీటితో తడిపి, వాడి మడమ తుడిచారు. ఆ పాదాన్ని చేతిలో పట్టుకుని ఎంతోసేపు అలాగే కూర్చున్నారు. తర్వాత తన అరచేతిని వాడి అరికాలికి ఆనించి కొలిచారు. అరచేతిని దాటి మూడు వేళ్ళు పొడవుంది. “ఇంత పెరిగాడా!” అన్నారు నాతో. అది ప్రశ్న కాదు.

నేను అడగాలనుకున్న మాట అప్పుడు అడిగాను. దాచుకోవడానికి ఇక ఏమీ మిగలలేదు. “జనవరిలో సంతకం చేయక తప్పదా?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. అప్పు ఎంతుందో, నెలకు ఎంత తీరుతుందో, ఊరికి వస్తే ఏం పని చేయగలరో, ఒక్కొక్కటే చెప్పారు. నేను విన్నాను. నాకు తెలియని ఖర్చులు కొన్ని అందులో ఉన్నాయి. ఆయనకు తెలియని కష్టాలు కొన్ని నేను చెప్పాను. పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు లెక్కలు మాట్లాడుకున్నది అదే మొదలు. ఫోనులో డబ్బు అందిందా, అందింది అనే మాటలే తప్ప, ఎంతవరకు సంపాదిస్తే చాలు అనే మాట ఎప్పుడూ రాలేదు. ‘చాలు’ అనే గీత ఎక్కడ గీయాలో ఎవరమూ అనుకోలేదు. ఇల్లు పూర్తయితే చాలు అన్నాము, ఆ తర్వాత పై అంతస్తు వచ్చింది. పెళ్ళిళ్ళయితే చాలు అన్నాము, ఆ తర్వాత పురుళ్ళు, కానుకలు వచ్చాయి.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో, ఒక రాత్రి మదీనా వీధుల్లో వెళ్తూ, భర్త యుద్ధానికి వెళ్ళిపోయిన ఒక స్త్రీ వేదన విన్నారని గ్రంథాలు చెబుతాయి. ఆయన తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను సంప్రదించి, సైనికులను ఇంటికి దూరంగా ఉంచే కాలానికి హద్దు పెట్టారు. కొన్ని కథనాల్లో అది నాలుగు నెలలు, కొన్నింటిలో ఆరు. ఈ సంగతి నేను చిన్నప్పుడే విన్నాను. ఆ ఒడ్డున కూర్చున్నప్పుడు మాత్రం కొత్తగా వినిపించింది. అంత పెద్ద రాజ్యభారం మోస్తున్నవారు ఒక ఇంటి లోపలి దుఃఖాన్ని రాజ్య వ్యవహారంగా ఎంచారు. మన ఇళ్ళలో దాన్ని మాట్లాడుకోదగ్గ విషయంగా కూడా మనం ఎంచడం లేదు.

పాత చెప్పులు తొడిగించి మళ్ళీ మాల్‌లోకి వెళ్ళాము. బూటు లోపల నెత్తురు మరక అంటినందున మార్చుకోరేమోనని నేను భయపడ్డాను. దుకాణంలోని కుర్రవాడు వాడి మడమ చూసి, ఏమీ అనకుండా మరో జత తెచ్చాడు. ఈసారి మా వారు నంబరు చెప్పలేదు. వాడినే అడిగారు. “ముప్పై ఎనిమిది ఇమ్మనండి” అన్నాడు వాడు. ముప్పై ఏడు చాలు గదా అని కుర్రవాడు అంటే, “మళ్ళీ సెలవుదాకా రావాలి కదా” అన్నాడు. వాడు లెక్క చెప్పాడంతే, ఎత్తిపొడవలేదు. అయినా ఆయన మొహం తిప్పుకున్నారు.

మగ్రిబ్‌కు మసీదులో తండ్రీకొడుకులు పక్కపక్కన నిలబడ్డారట. తిరిగి వస్తుంటే రేవులో ఓడ మీద దీపాలు వెలిగాయి. బస్సు కోసం నడిచినంత దూరం వాడు నీటి గడియారం ఎలా పనిచేస్తుందో తండ్రిని అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు సగం తెలియదు. తెలిసిన సగం చెప్పారు. నేను నాలుగడుగులు వెనుకగా నడిచాను.

వారం తర్వాత విమానాశ్రయంలో, తనిఖీ వరుసలోకి వెళ్ళేముందు, వాడు వెనుతిరిగి “అబ్బా, నువ్వు ఎప్పుడొస్తావు?” అని అడిగాడు. ‘నువ్వు’ అన్నాడు. నాకు మర్యాద తప్పినట్టు అనిపించలేదు. ఆయనకు కూడా అనిపించలేదని ఆయన ముఖమే చెప్పింది.

ఆయన జనవరిలో సంతకం చేశారు. చేయక తప్పలేదు, అప్పు నిజం. కానీ అది ఆఖరిదని ఇద్దరం అనుకున్నాము. ఎంత మిగిలితే చాలో ఒక కాగితం మీద రాసి, దాని నకలు చెరొకరం ఉంచుకున్నాము. రెండేళ్ళకొకసారి కాక, సొంత టికెట్టు పెట్టుకుని ఏడాదికొకసారి వచ్చారు. అందువల్ల పై అంతస్తు లేవలేదు, ఇప్పటికీ లేవలేదు. 2016లో తిరిగి వచ్చేశారు. ఊళ్ళో చిన్న ఇనుప సామాన్ల దుకాణం పెట్టుకున్నారు. వచ్చేది అక్కడి జీతంలో మూడోవంతు కూడా కాదు.

వచ్చాక అన్నీ చక్కబడ్డాయని చెబితే అబద్ధమవుతుంది. మొదటి ఏడాది ఆయనకు ఈ ఇల్లు కొత్త. నేను పదిహేనేళ్ళుగా ఒంటరిగా నడిపిన ఇంట్లో మరో మనిషి నిర్ణయాలు నాకూ కొత్త. పిల్లవాడు అప్పటికి పదిహేనేళ్ళవాడు, వాడికి కోపాలు. రోజూ కనిపించే తండ్రితో గొడవపడటం కూడా వాడు నేర్చుకోవలసి వచ్చింది. అల్హందులిల్లాహ్, నేర్చుకున్నాడు. ఒక రాత్రి ఇద్దరూ గట్టిగా వాదించుకుంటుంటే, ఆపబోయి ఆగిపోయాను. ఆ వాదన నా ద్వారా జరగడం లేదు కదా!

గల్ఫ్‌కు వెళ్ళడం తప్పని నేను అనను. హలాల్ సంపాదన కోసం దూరం పోయేవారి చెమటను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. మనకు ముందు ఆ ఒడ్డువారు మన ఒడ్డుకు వచ్చారు, అప్పులతోనే వచ్చారు, వారి పిల్లలూ తండ్రులను గుర్తుపట్టక అమ్మల వెనుక దాక్కున్నారు. ఇప్పుడు ఓడల స్థానంలో విమానాలు నడుస్తున్నాయి, వెళ్ళేవారు మనవారు. నేను కోరేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా అలా దూరాన ఉంటే, ఈ రాత్రి వేళ్ళమీద ఒకసారి లెక్కవేయండి. పంపిన డబ్బును కాదు, కలిసి గడిపిన నెలలను. ఆ లెక్కను తర్వాతి ఫోనులో వారికి కూడా చెప్పండి. ‘ఎంతయితే చాలు’ అని ఇద్దరూ కలిసి ఒక కాగితం మీద రాసుకోండి. పిల్లవాడి చెప్పుల నంబరు కూడా ఆ కాగితం మీదే రాసి, ఆరు నెలలకొకసారి దిద్దుతూ ఉండండి.